పరుగు పందెపు బహుమతికి ఎవరి పేరు?

(పరాభవ నామ సంవత్సరాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరానికి 'పరాభవ' అని పేరు. పొద్దున పంచాంగం చదివిన శాస్త్రులవారు ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కాస్త నసిగినారు. ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వినారు కూడా. పేరు చూసి ఏడాదికి భయపడనక్కరలేదని పెద్దలు ఎప్పుడూ చెప్పేదే. అయినా ఈ రోజు మేము మాట్లాడవలసినది పేర్లను గురించీ, పరుగు పందేలను గురించీ గనుక, గెలుపు ఓటముల మాట ఎత్తడానికి ఇంతకన్న తగిన సంవత్సరం మాకు మళ్ళీ అరవై ఏండ్లకు గాని రాదు.

అధ్యక్షులు మమ్మల్ని ప్రవాసాంధ్రులని పరిచయం చేసినారు. బ్రతుకుతెరువు కోసం ఊరు విడిచి వచ్చిన మాట నిజమే గనుక మా వరకు ఆ పేరు సరిపోతుంది. మా పళ్ళిపట్టు వారి సంగతి మాత్రం వేరు. వారు ఎక్కడికీ పోలేదు. ఎల్లలు మార్చే చట్టం 1959లో అయినది, 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయినవి. సత్యవేడు మొదలైన చోట్లు ఇటు నుంచి అటు పోయినవి. మా అవ్వ పొయ్యి కదపలేదు, ఇంటి ముందు పందిరి కదపలేదు. చిత్తూరు జిల్లాలో పండుకొని చెంగల్పట్టు జిల్లాలో నిద్ర లేచింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా వేరైనప్పుడు మరొకసారి చిరునామా మారింది. అప్పటికి అవ్వ లేదు. ఉండి ఉంటే, "ఈళ్ళకేం పనిల్యా" అని ఉండును.

పళ్ళిపట్టు చూడనివారికి రెండు మాటలు. కుశస్థలి నది ఒడ్డున ఉన్న ఊరు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ నదిలో ఇసుకే కనబడుతుంది. ఆంధ్ర వైపు కృష్ణాపురం జలాశయం తలుపులు ఎత్తినప్పుడు మాత్రం ఒక్కసారిగా నీళ్ళు వచ్చి కాజ్‌వేలు మునిగి, ఇవతలివారు ఇవతల, అవతలివారు అవతల ఉండిపోతారు. చుట్టూ చెరుకు తోటలు, మామిడి తోటలు. పొదటూరుపేట వైపు పోతే ప్రతి వీధిలోనూ మగ్గాల చప్పుడు. నగరికి బస్సెక్కితే ఆంధ్రప్రదేశ్, తిరుత్తణికి బస్సెక్కితే తమిళనాడు. ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, ఆఫీసులో తమిళం. తెలుగు మాట్లాడుతూ ఉండగానే మధ్యలో తమిళ మాట దూరుతుంది, తమిళంలో తెలుగు దూరుతుంది. మాకు అది తప్పుగా ఎన్నడూ తోచలేదు.

ఇక అసలు విషయం. మా ఊరినుంచి వచ్చి పట్నంలో స్థిరపడినవాళ్ళం కొందరం కిందటేడు కూర్చొని, మా ప్రాంతపు బళ్ళలో బాగా పరుగెత్తే పిల్లకు ఏటా ఒక బహుమతి ఇవ్వాలని అనుకొన్నాము. డబ్బు సంగతి అరగంటలో తేలిపోయింది. పేరు సంగతి ఈ నాటికీ తేలలేదు. తెలుగువాళ్ళం నలుగురం చేరితే డబ్బు దగ్గర పేచీ వస్తుందని లోకం అంటుంది. మా అనుభవంలో పేచీ పేరు దగ్గర వస్తుంది.

మూడు పక్షాలు ఏర్పడినవి. తెలుగు పరుగు వీరుల పేరే పెట్టాలనేది ఒక పక్షం. "ఊరు తమిళనాడులో ఉండాది, డ్రిల్లు మాస్టరు తమిళాయన, పిలకాయలు పరిగెత్తేది తమిళనాడు తరఫున. తెలుగు పేరు పెడితే బళ్ళోవాళ్ళు ఒప్పుకుంటారా?" అనేది రెండవ పక్షం. మూడవ పక్షంలో ఒక్కరే ఉన్నారు. మొత్తం సొమ్ము తామే ఇస్తామనీ, తమ తండ్రిగారి పేరు పెట్టాలనీ వారు కోరినారు. ఆ తండ్రిగారు బస్సు అందుకోవడానికి తప్ప జన్మలో పరుగెత్తి ఎరుగరని వెనుకనుంచి ఎవరో గొణిగినారు. ఆ పక్షం అంతటితో లేచి కాఫీకి వెళ్ళిపోయినది.

ఇంత పట్టు పట్టడానికి ఒక పేరులో ఏమున్నదని మేము ఆలోచించినాము. లోకంలో పరుగు వీరుల పేర బహుమతులు చాలా ఉన్నవి. వాటిలో మాకు చాల నచ్చినది న్యూజీలండు దేశంలోనిది. మర్రే హాల్బర్గ్ అని అక్కడ ఒకాయన ఉండేవారు. 1950లో, పదిహేడేండ్ల వయసులో, రగ్బీ ఆటలో దెబ్బ తగిలి ఎడమ చేయి చచ్చుబడి పోయింది. బట్టలు తొడుక్కోవడం దగ్గరనుంచి మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. రగ్బీ పోయింది గాని కాళ్ళు ఉన్నవి గదా అని పరుగు పట్టినాడు. బూట్ల కర్మాగారంలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్ ఆయన గురువు. వారానికి 100 మైళ్ళు పరుగెత్తించేవాడట. 1960 సెప్టెంబరు 2న రోము నగరపు ఒలింపిక్సులో 5,000 మీటర్ల పందెం జరిగింది. చివరి చుట్టు వరకూ ఊపిరి దాచుకోవడం అందరూ చేసే పని. హాల్బర్గ్ ఇంకా మూడు చుట్లు ఉండగానే ఒక్కసారిగా ముందుకు దూకినాడు. మిగిలినవాళ్ళు తేరుకొనేలోగా ఇరవై గజాల దూరం వచ్చేసింది. చివరి చుట్టులో కాళ్ళు బరువెక్కినవి, వెనుక జర్మనీవాడు తరుముకొని వస్తున్నాడు. 13 నిమిషాల 43.4 సెకన్లకు గీత దాటి అక్కడే కూలబడినాడు. ఒక చేయి శరీరానికి అంటుకొని ఉన్న మనిషి ఆ పందెం గెలిచినాడు.

ఇంతవరకు వీరగాథ. మా కథకు కావలసినది దీని తరువాతి భాగం. మరుసటి ఏడు ఆయన కెనడాకు పోయి, అక్కడి ఆటగాళ్ళు విందు ఏర్పాటు చేసి, వచ్చిన సొమ్ముతో అంగవైకల్యం గల పిల్లలకు సహాయం చేయడం చూసినాడు. ఇంటికి వచ్చి 1963లో తన పేర అటువంటి పిల్లల కోసం ఒక ధర్మనిధి పెట్టినాడు. ఆ దేశంలో ఏటి మేటి ఆటగాడికి ఒక పత్రికవారు 1949 నుంచి ఇస్తూ వచ్చిన బహుమతి అప్పటికి ఆగిపోయి ఉన్నది. దానిని ఈ నిధివారు ఎత్తుకొని మళ్ళీ నిలబెట్టినారు. ఆ దేశపు క్రీడా బహుమతులలో పెద్దవి నేటికీ హాల్బర్గ్ పేరనే ఉన్నవి. ఏడాదికొకసారి పెద్ద విందు, గెలిచినవారికి చప్పట్లు. ఆ సందడి పుణ్యమా అని పోగయ్యే సొమ్ము సరిగా నడవలేని పిల్లలు కూడా ఆట ఆడడానికి. 2022 నవంబరు 30న ఆయన పోయినారు. ఆ పేరు మాత్రం గోడ మీది బొమ్మగా మిగలలేదు, ఏటా పని చేస్తూనే ఉన్నది.

ఆ రోము ఒలింపిక్సు మాట ఎత్తినాము గనుక ఇంకొక ముచ్చట. మా ఊరు రాష్ట్రం మారిన ఏడే అవి జరిగినవి. అబెబె బికిల అనే ఇథియోపియా సైనికుడు చెప్పులు లేని కాళ్ళతో 42 కిలోమీటర్లు పరుగెత్తి బంగారం తెచ్చుకొన్నది అక్కడే. చిన్ననాట పోలియోతో కాలికి ఇనుప కట్టు కట్టుకొని తిరిగిన విల్మా రుడాల్ఫ్ మూడు బంగారు పతకాలు గెలిచినది అక్కడే. ఆమె పేరనూ అమెరికాలో ధైర్యానికి ఒక బహుమతి ఉన్నది. కెనడాకు చెందిన హ్యారీ జెరోం నడి పందెంలో తొడ కండరం పట్టుకొని ఆగిపోయి, ఆ దేశపు పత్రికలచేత పిరికివాడనిపించుకొన్నదీ అక్కడే. ఆయన తిరిగి లేచి 1964లో టోక్యోలో కంచు పతకం తెచ్చుకొన్నాడు. 1982లో చనిపోయిన మరుసటి ఏటినుంచి ఆయన పేర అక్కడి నల్లజాతి ప్రతిభావంతులకు బహుమతులు ఇస్తున్నారు. మన మిల్ఖా సింగు 400 మీటర్ల పందెంలో సెకనులో పదో వంతు తేడాతో కంచు పోగొట్టుకొని నాలుగవవాడుగా నిలిచినదీ ఆ నేల మీదే.

మిల్ఖా సింగును గురించి మరొక మాట. మన దేశంలో 1961 నుంచి ఆటగాళ్ళకు ఇచ్చే బహుమానానికి అర్జునుడి పేరు పెట్టినారు. గాండీవం పట్టిన వీరుడే, కాదనము. ఆయన పరుగు పందెం గెలిచినట్టు మాత్రం మేము ఎక్కడా వినలేదు. ఆ బహుమానం మిల్ఖా సింగుకు 2001లో ఇవ్వజూపినారు. రోములో పరుగెత్తిన నలభై ఏండ్లకు! ఆయన వద్దన్నారు. బహుమతి పెట్టదలచినవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఇందులో ఉన్నది. ఇచ్చేదేదో కాళ్ళు ఆడుతుండగా ఇవ్వాలి.

తెలుగు దేశంలో వస్తాదుల పేరు నిలిచినంతగా పరుగెత్తేవారి పేరు నిలవలేదు. శ్రీకాకుళంలో కోడి రామమూర్తిగారి పేర క్రీడాస్థలం ఉన్నది. గుండె మీద ఏనుగును ఎక్కించుకొన్న మనిషిని ఎవరు మరిచిపోతారు? పరుగెత్తేవాళ్ళ వైభవం సెకన్లలో ఉంటుంది గనుక కళ్ళకు ఆనదు కాబోలు.

మా మొదటి పక్షంవారు చెప్పిన పేరు జ్యోతి యర్రాజి. విశాఖపట్నం బిడ్డ. తండ్రి కాపలా ఉద్యోగి, తల్లి ఇళ్ళలోనూ ఆసుపత్రిలోనూ పని చేసి పెంచినది. 100 మీటర్ల హర్డిల్సు, అనగా పది అడ్డు కొయ్యలను దూకుతూ పరుగెత్తే పందెం, ఆమెది. 2023లో బ్యాంకాకులోనూ, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలోనూ ఆసియా ఛాంపియనుగా నిలిచినారు. 2024లో పారిసు ఒలింపిక్సులో ఆ పందెం పరుగెత్తిన మొదటి భారత స్త్రీ కూడా ఆమెయే. ఇవన్నీ మీకు తెలిసే ఉంటవి. మాకు ఆమె కథలో పతకాలకన్న ఎక్కువగా మనసుకు పట్టినవి లెక్కకు రాని రెండు పరుగులు. 2020 జనవరిలో మూడబిదిరెలో విశ్వవిద్యాలయాల పోటీలలో ఆమె 13.03 సెకన్లకు గీత దాటినది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అది 2002 నాటిది. అయినా దానిని రికార్డుగా ఒప్పుకోలేదు. ఏమంటే ఆ పోటీలో జరగవలసిన మందుల పరీక్ష జరగలేదు. పరీక్ష పెట్టవలసినది ఆ పిల్ల కాదు గదా! 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడులో 13.09. అప్పుడు వెనుకగాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు, ఉండదగినది 2.0. అదీ పోయినది. మే నెలలో సైప్రసుకు పోయి 13.23కు పరుగెత్తిన తరువాత గాని రికార్డు పుస్తకంలో ఆమె పేరు ఎక్కలేదు. ఆ అక్టోబరులోనే బెంగళూరులో 12.82 చేసి, 13 సెకన్ల లోపల ఆ పందెం ముగించిన మొదటి భారత స్త్రీ అయినది.

మేము ఈ కథను సభలో చెప్పినప్పుడు మా గొంతు కాస్త పట్టుకొన్నది. కారణం వేరే ఉన్నది, వస్తున్నాము.

రెండవ పక్షంవారు చెప్పిన పేరు శాంతి సౌందరరాజన్. పుదుక్కోట్టై జిల్లాలో ఇటుక బట్టీ కూలీల ఇంట పుట్టిన పిల్ల. 2006లో దోహా ఆసియా క్రీడలలో 800 మీటర్లలో వెండి పతకం గెలిచినది. ఆ వెంటనే ఆమె ఆడదేనా అని పరీక్ష చేసి పతకం తీసివేసినారు. ఆమె మందు తిన్నది లేదు, మోసం చేసినది లేదు. పుట్టుకను తప్పుగా లెక్కించినారు. కొన్నేండ్లు తిరిగి బట్టీలో కూలి చేసి, ఆ పిమ్మట శిక్షణ నేర్చి, పిల్లలకు పరుగు నేర్పే ఉద్యోగంలో కుదిరినది. ఆ పేరు విన్నాక కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదటి పక్షంవారు కూడా తెలుగు మాట మరిచినారు. కాని కడకు మేమంతా వెనుకాడినాము. ఏటా బహుమతి సభలో పరుగు మాట పోయి ఆ పరీక్ష మాటే వస్తుందేమో, పిల్లల ముందు ఎవరైనా నోరు జారుతారేమో అని. ఈ కారణం చెప్పుకొని గర్వపడడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినాము.

ఇంతలో ఒక పెద్దాయన, బ్రతికి ఉన్నవారి పేరే పెట్టరాదన్నారు. 2019లో ఆసియా పోటీలలో బంగారం గెలిచిన ఒక పరుగుకత్తె పతకాన్ని మందుల పరీక్ష తరువాత వెనక్కు తీసుకొన్న సంగతి ఆయన ఎత్తినారు. "రేపు అట్టా జరిగితే కప్పు మీద పేరు చెరిపేదెట్టా?" మాట కాదనలేము. అయితే ఆ లెక్కన పేరు పెట్టడానికి ఒకరు పోయేదాకా కాచుకొని కూర్చోవాలి.

ఇక మా కథ. ఇరవై ఏండ్ల పైమాట. సెలవుకు ఊరికి పోయి ఉన్నాము. ఇంటికి రెండు వీధుల అవతల ఒక నేతగాని కూతురు, తెలుగు మీడియంలో ఎనిమిదవ తరగతి. పొద్దున కుశస్థలి ఇసుకలో పరుగెత్తడం మేము చూసినాము. ఇసుకలో పరుగెత్తినవారికి తెలుసు, అడుగు తీసి అడుగు వెయ్యడం ఎంత కష్టమో. ఆ పిల్ల మాత్రం గట్టి నేల మీద పోయినట్టు పోయేది. జిల్లా పోటీలకు ఎంపికయింది. ఫారం తమిళంలో వచ్చింది. తండ్రి దానిని పట్టుకొని మా ఇంటికి వచ్చి, "పట్నంలో ఉండేవాడివి, నువ్వు రాస్తే తప్పుండదు నాయనా" అన్నాడు. మేము కూడా తెలుగు బడిలో చదివినవారమే. తమిళం కూడబలుక్కొని చదువుతాము. అయినా చేతకాదని చెప్పడానికి నామోషీ. కూర్చొని నింపినాము. పుట్టిన తేదీ దగ్గర తండ్రిని అడిగితే, పండుగ గుర్తు పెట్టి ఒక తేదీ చెప్పినాడు. అదే వ్రాసినాము. బడి రిజిస్టరులో ఉన్న తేదీ వేరు. ఫారం కింద, రిజిస్టరు ప్రకారమే వ్రాయవలెనని చిన్న అక్షరాలతో తమిళంలో ఉన్నది. మేము దానిని చదవలేదు.

పోటీ నాడు తెల్లవారుజామున మొదటి బస్సులో తండ్రీ కూతుళ్ళు పోయినారు. కాళ్ళకు ఎవరివో అడిగి తెచ్చుకొన్న బూట్లు, ముందు భాగంలో గుడ్డ కుక్కి. మైదానంలో కాగితాలు సరిచూసినవారు రెండు తేదీలు కలవలేదని పక్కన పెట్టినారు. వారి తప్పేమీ లేదు; తేదీలు కలవలేదు. పిల్ల గీత పక్కన కూర్చొని, తాను పరుగెత్తవలసిన పందెం చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చినది. తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. రెండేండ్లలో ఆ పిల్ల బడి మాని మగ్గం దగ్గర కూర్చున్నది.

కిందటి దసరాకు ఊరికి పోయి, ఈ బహుమతి సంగతి నలుగురికీ చెబుతూ ఉంటే, ఆమె కూడా వచ్చి వెనుక నిలబడింది. ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. ఇన్నేండ్లకు మేము ఆ ఫారం మాట ఎత్తి, తప్పు మాదేనని ఒప్పుకొన్నాము. ఆమె నవ్వి, "ఆ పొద్దు పరిగెత్తి ఓడిపోయుంటే ఎప్పుడో మరిచిపోయుందును అన్నా" అన్నది.

ఆ మాట విన్న తరువాత మా ఏర్పాటు అంతా మార్చుకొన్నాము. మొదట వెండి కప్పు అనుకొన్నాము. ఒక ముసలాయన, "కప్పు ఇస్తే దాంట్లో ఏం పోసుకొని తాగేది? పిలకాయ కాళ్ళకు బూట్లుండాయా చూడండి" అన్నారు. వారి మాటే నిలిచింది. ఎంపికయిన పిల్లలు ఎందరున్నా అందరికీ, పిల్లతోబాటు పోయే పెద్దమనిషికి కూడా, బస్సు చార్జీ. ముందుగా కాలి కొలత తీసుకొని బూట్లు. గెలిచిన పిల్ల ఆడపిల్లయితే పన్నెండవ తరగతి పూర్తయ్యేదాకా నెలనెలా గుడ్లకూ పాలకూ కొంత సొమ్ము. పది కాగానే మగ్గానికో పెండ్లికో పోయేవాళ్ళు ఎక్కువగా ఆడపిల్లలే గనుక. ఫారాలు నింపడానికి తమిళం బాగా వచ్చినవారు ఒకరు, తెలుగు బడి లెక్కలు తెలిసినవారు ఒకరు, బడి రిజిస్టరు ముందు పెట్టుకొని కూర్చుంటారు. మేము మాత్రం ఆ బల్ల దగ్గరకు రాము!

పేరు సంగతి ఇంకా చెప్పలేదని మీరు అనుకొంటున్నారు. మేము మూడవ పేరు ఒకటి తెచ్చినాము. దీప్తి జీవంజి. వరంగల్లు దగ్గర పర్వతగిరి మండలంలో కల్లెడ ఊరు. కూలి పని చేసుకొనే ఇల్లు. పుట్టుకతోనే బుద్ధి వికాసంలో కొంత లోపం. మాటా చేతా నిదానం. ఊళ్ళో కొందరు వెక్కిరించేవారనీ, ఆమెను ఎక్కడైనా వదిలిపెట్టమని తల్లికి సలహా చెప్పినవారు కూడా ఉన్నారనీ పత్రికలలో చదివినాము. తల్లి వదిలిపెట్టలేదు. బడిలో వ్యాయామం నేర్పే మాస్టరు ఆ పిల్ల పరుగు చూసినాడు. తరువాత నాగపురి రమేశ్ అనే శిక్షకుడు చూసి హైదరాబాదు రమ్మన్నాడు. బస్సు చార్జీకి కూడా వెదుక్కోవలసిన ఇల్లు అది. 2023లో హాంగ్జౌ ఆసియా పారా క్రీడలలో 400 మీటర్లలో బంగారం. 2024 మే నెలలో జపానులోని కోబెలో 55.07 సెకన్లకు పరుగెత్తి ప్రపంచ ఛాంపియను అయినది. అది అప్పటికి ప్రపంచ రికార్డు. ఆ సెప్టెంబరు 3న పారిసు పారాలింపిక్సులో 55.82కు కంచు పతకం. ముందు వచ్చిన ఇద్దరికీ ఆమెకూ నడుమ ఒక సెకను కూడా లేదు. కష్టకాలంలో అమ్ముకొన్న పొలాన్ని ఆమె గెలిచిన సొమ్ముతో తిరిగి కొన్నారట. జ్యోతి యర్రాజికి తొలి రోజులలో నేర్పినవారిలో కూడా ఆ రమేశ్‌గారు ఉన్నారు. ఈ దేశంలో పరుగెత్తే పిల్లల వెనుక ఎప్పుడూ ఒక డ్రిల్లు మాస్టరు, ఒక బస్సు చార్జీ ఉంటూనే ఉంటవి.

మా ఊరి బడిలో ఈ కథను మేము తెలుగులో చెప్పితే, ఒక కుర్రవాడు తమిళంలోకి మార్చి డ్రిల్లు మాస్టరుకు చెప్పినాడు. ఆయన తమిళుడని ఇంతకుముందే చెప్పినాము. అంతా విని, ఆ అమ్మాయి ఏ జిల్లా అని అడగలేదు, ఏ భాష అని అడగలేదు. పరుగు ఆరంభంలో ఆమె నిదానంగా లేస్తుందా, తొందరగా లేస్తుందా అని అడిగినారు. మాకు జవాబు తెలియలేదు. ఆయన ఆ రాత్రి తమ ఫోనులో ఆమె పరుగుల చిత్రాలు వెదికి చూసి, మరునాడు పిల్లలనందరినీ పిలిచి చూపించినారట. మా రెండవ పక్షం ఆ రోజుతో కరిగిపోయింది. మగ్గం దగ్గరి ఆ చెల్లెలు కూడా, ఈ పేరే పెట్టండన్నది.

అయితే ఒకరి పేరు వారిని అడగకుండా వాడుకోవడం మర్యాద కాదు. వారి అనుమతి కోరుతూ ఉత్తరం వ్రాయాలని నిశ్చయించినాము. వారికి ఎన్ని ఉత్తరాలు వస్తాయో, మాది ఎప్పుడు చూస్తారో. ఒప్పుకొంటే సంతోషం. వద్దంటే, లేక జవాబు రాకపోతే, బహుమతి పత్రం మీద పేరు వ్రాసే చోటు ఖాళీగానే ఉంచుతాము. బూట్లు మాత్రం ఆగవు. జూన్‌లో బళ్ళు తెరిచిన వారానికి కాలి కొలతలు తీసుకోవడానికి మాలో ఇద్దరు పోతున్నారు.

తండ్రిగారి పేరు కోరిన పెద్దమనిషి కాఫీ తాగి తిరిగి వచ్చినారు. పేరు లేకుండానే ఒక ఏడాది బస్సు చార్జీలన్నీ తామే ఇస్తామన్నారు. ఆ గొణిగిన మనిషి లేచి వెళ్ళి వారికి నమస్కారం చేసినాడు.

చందాల పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నది. పచ్చడి గిన్నె పక్కనే పెట్టించినాము. పచ్చడి చేదుగా ఉన్నదని మొహం చిట్లించేవారు ఎట్లాగూ ఒక్క నిముషం అక్కడ ఆగుతారు. మీ కొలత ప్రకారం వ్రాయండి. రసీదు రెండు భాషలలోనూ ఇస్తాము, తేదీ సరిచూసుకోండి. సెలవు.